గోడ ముందు ఎక్కడ లేచినాది? – ‘బాగప్పిరివినై’ అన్నదమ్ముల కథ

మన వీధుల్లో బాగాల పంచాయతీ ఎక్కడ కూర్చున్నా, పెద్దవాండ్లలో ఎవరో ఒకరు ‘బాగప్పిరివినై’ పేరు ఎత్తకుండా ఉండరు. “ఆ పటంలో మాదిరి నట్టింట్లో గోడ కట్టుకోబోకండ్రా” అంటారు. మా వయసువాండ్లు తల ఊపుతారు. ముప్పై ఏండ్ల పిలగాండ్లు మాత్రం ఏం పటం, ఏం గోడ అన్నట్టు చూస్తారు. ఈమధ్య బోడిలో నాకు తెలిసిన మూడు ఇండ్లలో పాలు పంచుకునే మాట వచ్చినాది. మూడింట్లోనూ అన్నదమ్ముల్లో ఒకడు చదివి పైకొచ్చినవాడు, ఒకడు ఏదో ఒక కొరత ఉన్నవాడు. అందుకే ఆ కథ ఒకసారి మన పత్రికలో చెప్పుకుందామని ఇది రాస్తా ఉండాను. చూసినవాండ్లు గుర్తు చేసుకోండి. చూడనివాండ్లు చదివినాక ఒకసారి చూడండి.

పటం సంగతి

‘బాగప్పిరివినై’ 1959లో దీపావళికి వచ్చిన అరవ పటం. డైరెక్టరు ఎ. భీంసింగ్. తీసినవారు జి.ఎన్. వేలుమణి. సంగీతం విశ్వనాథన్–రామమూర్తి. శివాజీ గణేశన్, సరోజాదేవి, ఎం.ఆర్. రాధా, నంబియార్, బాలయ్య, సుబ్బయ్య, ఎం.వి. రాజమ్మ, సి.కె. సరస్వతి అందరూ ఉండారు. పాటల్లో శివాజీకి గొంతు ఇచ్చినది మన మదురైలో పుట్టిన టి.ఎం. సౌందరరాజన్. ఆ ఏడు అరవంలో మంచి పటమని రాష్ట్రపతి వెండి పతకం కూడా దీనికి వచ్చినాది.

భీంసింగ్‌కు ‘ప’ అక్షరం మీద ఒక నమ్మకం. ‘పడిక్కాద మేదై’, ‘పాశమలర్’, ‘పావ మన్నిప్పు’, ‘పాలుం పళముం’ అన్నీ ఆయనవే. తెలుగు దేశంలో ఇవే కథలు వేరే పేర్లతో వచ్చినాయి. ‘పడిక్కాద మేదై’ అక్కడ ‘ఆత్మబంధువు’ అయింది, ‘పాశమలర్’ ‘రక్తసంబంధం’ అయింది. ‘బాగప్పిరివినై’ 1961లో ‘కలసి ఉంటే కలదు సుఖం’ అయింది. కన్నడంలో 1964లో రాజ్‌కుమార్‌తో ‘మురియద మనె’ అని తీసినారు. హిందీలో భీంసింగే 1965లో ‘ఖాన్‌దాన్’ అని తీసినాడు, సునీల్ దత్‌కు దాంట్లో ఫిలింఫేర్ బహుమతి వచ్చినాది. మలయాళంలో 1977లో కమల్‌హాసన్‌తో ‘నిరకుడం’. ఒక ఇంట్లో గోడ లేచిన కథ అయిదు భాషల్లో ఆడిందంటే, ఆ గోడ అన్ని ఊర్లలోనూ ఉండాదని అర్థం.

కథ

ఒక పల్లెటూర్లో ఇద్దరు అన్నదమ్ములు, వైద్యలింగం, సుందరలింగం. ఒకే పొయ్యి, ఒకే సాగుబడి. అన్నకు బిడ్డలు లేరు. తమ్మునికి ఇద్దరు కొడుకులు, పెద్దవాడు కన్నయ్య, చిన్నవాడు మణి. కన్నయ్యకు చిన్నప్పుడే కరెంటు కొట్టి ఎడమ చెయ్యి పడిపోయినాది, కాలు కూడా దెబ్బ తినింది. వాడు బడికి పోక పల్లెలోనే మట్టిలో పని చేసుకుంటా పెరిగినాడు. మణి పట్నంలో చదివినాడు.

బిడ్డలు లేని పెద్దమ్మ అఖిలాండానికి మణి అంటే ప్రాణం, కన్నయ్యను చూస్తే అసహ్యం. ఆ ఇంటికి ఆమె వైపు బంధువు ఒకడు సింగపూరు నుంచి దిగుతాడు. అది ఎం.ఆర్. రాధా వేషం. వాడూ వాని చెల్లెలూ ఇంట్లో తిష్ట వేసినాక ఒక్కొక్క మాటగా పుల్ల పెట్టి, చివరకు పాలు పంచుకునే దాకా తీసుకొస్తాడు. నట్టింట్లో గోడ లేస్తాది. మణి ఆ చెల్లెల్ని పెండ్లి చేసుకుని పెద్దమ్మ పక్కకు పోతాడు. కన్నయ్యను ఆ ఇంట్లోనే పని చేసుకునే దిక్కులేని పిల్ల పొన్ని కట్టుకుంటాది. వాండ్లకు ఒక బిడ్డ పుడతాది. డబ్బు పిచ్చిలో ఆ సింగపూరువాడు ఆ పసిబిడ్డనే ఏనుగు ఆటలో పెడతాడు. కన్నయ్య బిడ్డను కాపాడబోయి మళ్ళీ కరెంటు తగిలి, పడిపోయిన చెయ్యి లేస్తాది. చివరికి గోడ పోతాది, ఇల్లు ఒకటవుతాది.

ఇద్దరు అన్నదమ్ములు

ఈ పటం గురించి అందరూ శివాజీ చెయ్యి గురించే చెబుతారు. చెప్పాల్సినదే. పటం మొత్తం ఆ చేతిని మడిచి, వేళ్ళు ముడుచుకుని, ఒక్క చోట కూడా మరిచిపోకుండా నటించినాడు. ఆ కాలంలో పెద్ద హీరో ఒకడు కుంటికాలు, వంకరచెయ్యి వేషం కట్టడం చిన్న సంగతి కాదు. బిడ్డను ఒంటిచేత్తో పట్టుకుని పాడే పాట దగ్గర మా అమ్మలాంటివాండ్లు కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చేవాండ్లు.

నేను చెప్పదలచుకున్నది మణి గురించి కూడా. ఆ వేషం వేసినది నంబియార్. మామూలుగా కత్తి పట్టి మీసం తిప్పే నంబియార్ ఇక్కడ చెడ్డవాడు కాదు, మెత్తనివాడు. చదువుకున్నాడు, బట్ట నలగకుండా తిరుగుతాడు, పెద్దమ్మ ఏం చెబితే దానికి సరే అంటాడు. అన్న మీద వానికి పగ లేదు. అన్న తరపున నోరు తెరవడం ఒక్కటే వానికి చేతకాదు. కన్నయ్యకు చెయ్యి పడిపోయినాది, మణికి నోరు పడిపోయినాది. మన ఇండ్లలో కూడా చూడండి. చదివిన తమ్ముడు అన్నను తిట్టేది తక్కువ. ఎవరో తిడతా ఉంటే పక్కన నిలబడి సెల్‌ఫోను చూసుకునేదే ఎక్కువ.

కన్నయ్య కూడా ఉత్త జాలి పడాల్సినవాడు కాదు. ఇంట్లో అందరికన్నా ఎక్కువ పని వాడే చేస్తాడు. తిట్లు తిన్నా పెద్దనాయన మీద గౌరవం పోగొట్టుకోడు. కానీ ఆ ఇంట్లో లెక్క వేరే. చదువుకు ఒక వెల, కూలికి ఒక వెల, వంకర చేతికి వెలే లేదు. సింగపూరువాడు రాకముందే ఆ లెక్క పెద్దమ్మ మనసులో ఉండాది. అన్నం పెట్టే గరిటెలో ఉండాది. వాడు వచ్చి కొత్తగా తెచ్చిందేమీ లేదు, ఉన్న నిప్పుకు విసనకర్ర పట్టినాడు. అందుకే గోడ ముందు ఎక్కడ లేచినాదని ఎవరైనా అడిగితే నట్టింట్లో అని నేను చెప్పను. ఒక బిడ్డకు నిండుగా, ఒక బిడ్డకు కొసరుగా పెట్టిన కంచంలో లేచినాది అంటాను.

మేము చూసిన కాలం

పటం వచ్చినప్పుడు నేను పసిబిడ్డను. మేము చూసినది పదేండ్లు ఆలస్యంగా, డేరా కొట్టాయిలో. అప్పుడు మనది మదురై జిల్లా. పాత పటాలు ఊరూరికీ తిరిగి తిరిగి వచ్చేవి. ఇసుక కుప్ప చేసుకుని దాని మీద కూర్చుంటే ముందరివాని తల అడ్డం రాదు. రీలు మార్చినప్పుడల్లా సుండల్, మురుకులు అమ్మేవాండ్లు లోపలికి వచ్చేవాండ్లు. కొట్టాయిలో చుట్టూరా అరవం, మా వరసలో తెలుగు. కన్నయ్యను పెద్దమ్మ తిట్టే చోట వెనకనుంచి ఒక అవ్వ తెలుగులో శాపనార్థాలు పెడతా ఉంటే, అరవవాండ్లకు మాట అర్థం కాకపోయినా సంగతి అర్థమై నవ్వేవాండ్లు.

ఆ కాలంలో మన ఇండ్లలో కూడా ఒకే పొయ్యి. మిల్లుకు పోయేవాడు, కొండమీద ఏలక్కాయ తోటకు పోయేవాడు, కయ్య చూసుకునేవాడు, అందరి కూలీ ఒకే పెట్టెలో పడేది. మిల్లు కూలి నెలకు ఇంత అని లెక్కగా వచ్చేది. తోట కూలి వాన పడితే ఉంటాది, లేకుంటే లేదు. నెల జీతం వచ్చేవానికి చాపలో చోటు పెద్దది అయ్యేది అప్పటినుంచే. ఈ పటం మా పెద్దవాండ్లకు అంత గట్టిగా తగలడానికి కారణం అదే. పటంలోది పల్లెటూరి కథే, కానీ చూసే ఇండ్లలోకి నెల జీతం అప్పుడప్పుడే వచ్చి, అన్నదమ్ములకు వెల కట్టడం మొదలుపెట్టినాది.

సింగపూరువాడు, రంగూనువాడు

‘కలసి ఉంటే కలదు సుఖం’ నేను చాలా కాలం తర్వాత సీడీలో చూసినాను. డైరెక్టరు తాపీ చాణక్య. సంగీతం మాస్టర్ వేణు. ఎన్.టి. రామారావు కిష్టయ్య, సావిత్రి రాధ, హరనాథ్ తమ్ముడు. పెద్దాయన ఎస్.వి. రంగారావు, ఆయన పెండ్లాం సూర్యకాంతం. సూర్యకాంతం గొంతు ఎత్తినాదంటే మన వీధి కొళాయి దగ్గర నిలబడినట్టే ఉంటాది. వాండ్ల తెలుగు వేరు, మన తెలుగు వేరు. కొన్ని మాటలు మా ఇంట్లో ఆడవాండ్లు రెండోసారి అడిగి తెలుసుకున్నారు. తిట్లు మాత్రం మొదటిసారే తెలిసినాయి.

దాంట్లో ఒక మార్పు నాకు బాగా పట్టినాది. అరవ పటంలో కొంప ముంచేవాడు సింగపూరు నుంచి వస్తే, తెలుగు పటంలో వాడు రంగూను నుంచి వస్తాడు. రేలంగి వేషం, పేరే రంగూన్ రాజా. ఇది ఊరికే పేరు మార్చడం కాదు. అరవ దేశం నుంచి కూలీలు మలయా, సింగపూరు పోయినారు. గోదావరి, విశాఖ పక్క తెలుగు కూలీలు కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో పడవ ఎక్కి రంగూను పోయినారు. 1942లో జపానువాండ్లు బర్మాలో దిగినప్పుడు ఎంతోమంది అడవుల్లో నడుచుకుంటా తిరిగి వచ్చినారు. పోయినవాడు పెద్ద మూటతో వస్తాడని ఊరు ఎదురుచూసేది. నిజంగా వచ్చినవాండ్లలో ఎక్కువమంది ఉట్టి చేతులతో, జబ్బుతో వచ్చినవాండ్లే. పటంలో మాత్రం బయటి ఊరినుంచి వచ్చినవాడే ఇల్లు కూల్చేవాడు.

ఎప్పుడో తెలుగు దేశం నుంచి ఇక్కడికి వచ్చి, ఇక్కడినుంచి మళ్ళీ కోయంబత్తూరు, తిరుప్పూరు పోయే మనకు ఆ మాట ఒప్పుకోవడం కష్టం. వలస పోయి వచ్చినవాడే ఇల్లు చెడగొడతాడని చెప్పేస్తే, ఇంట్లోవాండ్లు తమ తప్పు చూసుకోకుండా తప్పించుకోవచ్చు.

మిల్లులో రెండు చేతులు

నేను రింగ్ ఫ్రేములో సైడర్ పని చేసినవాణ్ణి. నూలు తెగితే అతకడానికి రెండు చేతులూ కావాల. ఒక చేత్తో కదురు ఆపి బాబిన్‌లో కొస వెతకాల, ఇంకో చేత్తో ట్రావెలర్‌లో దూర్చి రోలరు దగ్గర అందించాల. రెండు మూడు సెకండ్ల పని, దినానికి ఎన్ని వందల సార్లో. ఒంటిచేతి మనిషికి ఆ పని లేదు. కార్డింగులో వేళ్ళు పోగొట్టుకున్నవాండ్లను నేను చూసినాను. దెబ్బ తగిలినవానికి ఇ.ఎస్.ఐ. ఉండాది, కొరతకు తగినట్టు పైకం వస్తాది. కానీ ఇంట్లో పోయిన చోటుకు పైకం ఏ చట్టమూ ఇవ్వదు. నిన్నటిదాకా “మా అన్న మిల్లులో ఉండాడు” అని చెప్పుకున్నవాండ్లే, మూడు నెలలు పోయినాక “మా అన్న ఇంట్లో ఉండాడు” అని గొంతు తగ్గించి చెబుతారు.

ఇప్పుడు మా పక్క జరిగిన ఒక పంచాయతీ చెబుతాను, పేర్లు వద్దు. ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు మిల్లు నుంచి రిటైరు అయినాడు. రెండోవాడు తిరుప్పూరులో సూపర్‌వైజరు. మూడోవానికి పోలియో కాలు, ఏలక్కాయ గోడౌనులో మూటలు కుడతాడు, పెండ్లి కాలేదు. నాయన పోయినాక ఇల్లు రెండు బాగాలుగా రాసుకుందామని పెద్దవాండ్లు ఇద్దరూ మాట్లాడుకున్నారు. “వానికి పెండ్లామా పిల్లలా, బాగం ఎందుకు? నెలకొకరి ఇంట్లో తింటాడు, మేము చూసుకుంటాము” అన్నారు. చెడ్డ మనసుతో అనలేదు, నిజంగా చూసుకునేవాండ్లే. పంచాయతీలో సగంమంది కూడా సరే అన్నారు.

ఆ చిన్నవాడు గోడకు ఆనుకుని నిలబడి ఒక్కటే మాట అడిగినాడు. “నాకు వాకిలి ఉండే గది ఒకటి నా పేరున రాయండి అన్నా. అన్నం ఎవరింట్లో తినేది తర్వాత చూసుకుందాము.”

అందరూ కాసేపు మాట్లాడలేదు. వాని పెద్ద వదిన ముందు నోరు తెరిచినాది, “వాడు అడిగేది న్యాయమే” అని. వీధి పక్క గది వానికి రాసినారు. ఇప్పుడు దాంట్లో చిన్న అంగడి పెట్టుకున్నాడు. వాండ్ల అమ్మ నెల లెక్కలు వద్దని వాని దగ్గరే ఉండాది. అన్నలు తీరిక ఉన్నప్పుడు ఆ అంగడి అరుగు మీదే కూర్చుంటారు. ఆ ఇంట్లో కూడా గోడ కట్టినారు. కానీ ఆ గోడ ఎవరినీ బయట పెట్టలేదు.

పటం చెప్పని మూడు సంగతులు

ఒకటి, ఆ ఇంట్లో ఆడబిడ్డ లేదు. బాగం అంటే అన్నదమ్ములదే అన్నట్టు కథ నడుస్తాది. ఇప్పుడు అట్ల కాదు. మన తమిళనాడులో 1989లోనే పూర్వీకుల ఆస్తిలో పెండ్లి కాని ఆడబిడ్డకు మగబిడ్డతో సమంగా బాగం ఇచ్చే చట్టం వచ్చినాది. 2005లో దేశం మొత్తానికీ, పెండ్లి అయినవాండ్లకు కూడా వచ్చినాది. నాయన సొంత కూలితో కొన్న ఇల్లు అయితే బతికుండగా అది ఆయన ఇష్టం. ఆయన ఏమీ రాయకుండా పోతే పెండ్లానికీ, కొడుకులకూ, కూతుండ్లకూ, ఆయన తల్లి బతికుంటే ఆమెకూ సమ బాగం.

రెండు, కొరత ఉన్నవాని హక్కు. జబ్బు ఉండాదనీ, అంగం సరిగా లేదనీ ఎవరినీ ఆస్తి నుంచి తప్పించకూడదని 1956 హిందూ వారసత్వ చట్టంలోనే రాసి ఉండాది. పటం వచ్చిన 1959లోనే కన్నయ్యకు ఆ హక్కు ఉండాది. మన పంచాయతీల్లో ఇప్పటికీ చాలామందికి ఆ సంగతి తెలియదు.

మూడు, కరెంటుతో చెయ్యి బాగు కావడం. అది కథ కోసం పెట్టినది. నిజంలో కరెంటు ప్రాణం తీస్తాది, చెయ్యి ఇవ్వదు. ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి, ఉత్త చేత్తో వాండ్లను పట్టుకోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. ఇంకో మాట కూడా ఉండాది. చెయ్యి బాగు అయినాకనే ఇల్లు ఒకటి అయినట్టు పటం ముగుస్తాది. బాగు కాకపోయి ఉంటే? మన ఇండ్లలో బాగు కాని చేతులే ఎక్కువ. ఆ చెయ్యి అట్లనే ఉండగా వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునేదే అసలు పరీక్ష.

పంచుకునేటప్పుడు

కలిసి ఉంటే సుఖం అని తెలుగు పటం పేరులోనే ఉండాది. మంచి మాటే. కానీ రెండు గదుల లైను ఇంట్లో మూడు సంసారాలు ఇమడవు. విడిపోవడం తప్పు అని నేను అనను. విడిపోయే పద్ధతి ఒకటి ఉండాది. మా సంగం పెద్దవాండ్ల దగ్గర విన్నవీ, పంచాయతీల్లో కూర్చుని చూసినవీ నాలుగు మాటలు చెబుతాను.

పంచేది పెద్దవాడు అయితే, ఏరుకునేది చిన్నవాడు కావాల. అప్పుడు పంచేవాని చెయ్యి తిన్నగా ఉంటాది. కొరత ఉన్నవాడు ఎవరైనా ఉంటే మొదట ఏరుకునేది వాడే. వీధి వాకిలి, నీళ్ళు, మరుగుదొడ్డి వానికి దగ్గరగా ఉండేట్టు చూడండి.

అమ్మానాయనలను నెలకొకరు అని పంచుకోకండి. వాండ్లకు ఎక్కడ ఉండాలని ఉండాదో వాండ్లను అడగండి. ఖర్చు మాత్రం అందరూ పంచుకోండి.

ఆడబిడ్డలను పిలవకుండా కాగితం రాయకండి. వాండ్లు వద్దంటే ఆ మాట వాండ్ల నోటితోనే చెప్పాల, వాండ్ల చేత్తోనే సంతకం పెట్టాల.

నోటి మాట మీద గోడ కట్టకండి. కాగితం రాసి రిజిస్టర్ ఆఫీసులో పదివు చేయండి. కుటుంబంలో బాగ పత్రానికి ముద్ర సుంకం కొనుగోలు పత్రం కన్నా చాలా తక్కువ. రాయకుండా వదిలితే మీ బిడ్డలు కోర్టుకు పోతారు.

అన్నిటికన్నా ముందు, కాగితం రాసే దినానికి ముందర అన్నదమ్ములందరూ, ఆడబిడ్డలూ, కోడండ్లూ కలిసి ఒక రాత్రి ఈ పటం చూడండి. అరవంలో శివాజీది అయినా సరే, తెలుగులో రామారావుది అయినా సరే, సెల్‌ఫోనులోనే దొరుకుతాది. కన్నయ్యను చూసి అందరూ ఏడుస్తారు, అది సులభం. మణి వచ్చినప్పుడు మాత్రం ఎవరి పక్కా చూడకుండా మీలో మీరు ఆలోచించండి. అన్న తరపున ఒక్క మాట చెప్పాల్సిన చోట నేను చెప్పినానా లేదా అని. ఆ ఒక్క మాట బయటికి వస్తే పంచుకోవడం ఎట్లైనా జరిగిపోతాది.